కుటుంబ కారణాలు

“మాకు పిల్లలు దక్కలేదు బాబూ. ఇంకోసారి చూడు, ఎవరిదో అనుకుని ఎవరిదో తీసుంటావు” అందావిడ.

రికార్డు గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు. “పొరపాటేం లేదమ్మా. ఇది మీవారి సర్వీసు పుస్తకమే. భార్య అన్నచోట మీ పేరుంది. పిల్లలు అన్నచోట, ఒక కూతురు. మీరొక్కరు సంతకం పెడితే చాలదు, ఆ అమ్మాయి కూడా పెట్టాలి.”

ఆవిడ భర్త పోయి రెండు నెలలయింది. ఆఫీసు వాళ్ళు కాగితాల పని ఉంది రమ్మంటే తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని వచ్చింది. రికార్డు గదిలో కూర్చోవడానికి ఉన్నది ఒకటే కుర్చీ. దాని మీద కట్టలు పక్కకి జరిపి ఆవిడ కూర్చుంది.

“చూశావా అక్కా!” తమ్ముడు వెనకనుంచి గొణిగాడు. “నోట్లో నాలుక లేని మనిషనుకున్నాం బావని. నిండుకుండ తొణకదంటే ఇదన్నమాట!”

“నువ్వు నోర్ముయ్” అని ఆవిడ గుమాస్తా వైపు తిరిగింది. “ఇంకా ఏం రాసుంది బాబూ? మొదట్నుంచీ చదువు.”

“ఏముంటుందమ్మా, గుమాస్తా బతుకు...” అంటూనే అతను పేజీలు తిప్పాడు.

ఉత్తరాలు పంపే విభాగంలో చేరాడు. అక్కణ్ణుంచి లెక్కల విభాగానికి, మళ్ళీ ఉత్తరాలకే. పై అధికారులు ఏటా ఒకే మాట రాశారు: ‘వేళకు వస్తాడు. చెప్పుకోదగ్గదేమీ లేదు.’ అధికారులు మారారు, చేతిరాతలు మారాయి, ఆ మాట మారలేదు. మధ్యలో ఒక మందలింపు, శనివారాలు చెప్పకుండా ముందే వెళ్ళిపోతున్నాడని. ఆ పై వారం నుంచి ప్రతి శనివారం అరపూట సెలవు. కారణం: కూతుర్ని చూడటానికి.

“శనివారాలు పని ఎక్కువనేవాడు” అందావిడ. “నేను అన్నం వేడిచేసి పెట్టేదాన్ని.”

“ఇదేంటి, ప్రమోషన్ ఇచ్చారే!” గుమాస్తా ఆగాడు. “వేరే ఊరికి. ఆయనే వద్దని రాసిచ్చారు. ఇంకోసారి ఇచ్చారు, అప్పుడూ వద్దన్నారు. ‘కుటుంబ కారణాల వల్ల’ అని ఉంది.”

ఆవిడ ఆ కాగితం తన వైపు తిప్పుకుంది. “నాతో ప్రమోషన్ రాలేదన్నాడు. పక్కింటాయన మేనేజరయ్యాడు, నిన్ను కుర్చీకేసి మేకులు కొట్టారా అని సాధించేదాన్ని. ఒక్కనాడూ మారు మాట్లాడలేదు.”

“ఎలా మాట్లాడతాడు? రెండో కాపురం పెట్టుకున్నవాడికి నోరెక్కడిది?” అన్నాడు తమ్ముడు.

“ఆ పిల్ల ఎక్కడుంటుందో రాసుందా?”

“ఉందమ్మా. ఈ ఊళ్ళోనే.”

“మనకెందుకక్కా, ఇంటికి పద.”

“ముప్పై ఏళ్ళు నా చేతి కూడు తిని, నా కళ్ళు కప్పి... పదరా. దాన్ని కన్నదాని మొహం చూడాలి నేను.”

ఆటో ఒక పాత ఇంటి ముందు ఆగింది. గుమ్మానికి మెట్లు లేవు, సిమెంటుతో ఏటవాలుగా కట్టిన దారి ఉంది. నెరిసిన జుట్టున్న ఒక పెద్దామె తలుపు తీసింది. ఎవరు కావాలని అడిగింది.

ఆవిడ భర్త పేరు చెప్పి, “నేను ఆయన భార్యని” అంది, ఒక్కో మాటా కొరికినట్టు.

పెద్దామె గుమ్మం పట్టుకుంది. “మీరా? మరి ఆయనేరీ? ఇన్ని వారాలు ఎప్పుడూ రాకుండా లేరే!”

“పోయారు.”

పెద్దామె అక్కడే బల్ల మీద కూలబడింది. “మీతో చెప్తాను, చెప్తాను అంటూనే ఉండేవారు. చెప్పకుండానే పోయారా?”

“ఏముంది చెప్పడానికి? ఇంకొకత్తితో బిడ్డని కన్నాననా?”

“అయ్యో తల్లీ, ఇంకొకత్తేవిటి!” పెద్దామె ఆవిడ చెయ్యి పట్టుకుంది. “కాన్పప్పుడు మీకు ఒంటి మీద తెలివి లేదట గదా. పాపకి నడుం కింద చచ్చుబడింది, వారం బతకదన్నారట డాక్టర్లు. చూసి ఒకసారి, పోయాక ఒకసారి, రెండుసార్లు ఏడవడమెందుకని పుట్టగానే పోయిందని మీతో అనేశారు. బిడ్డేమో పోలేదు, పెంచమని నాకిచ్చారు. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటే ఆ మాట ముదిరిపోయింది, ఇంక నోట పట్టడం లేదు అనేవారు.”

తమ్ముడు తల దించుకున్నాడు. ఆవిడ కడుపు మీద చెయ్యి వేసుకుంది. తనకి మెలకువ వచ్చేసరికి ఆయన మంచం పక్కన ఉత్త చేతులతో కూర్చుని ఉన్నాడు. ఒక్కసారి చూపించకపోయారా అని అడిగితే, చూడకపోవడమే మంచిదన్నాడు.

“ఎక్కడుంది?” అంది.

పెద్దామె లోపలి గది చూపించింది.

కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఒక మనిషి చొక్కాకి గుండీలు కుడుతోంది. ముక్కు ఆవిడదే. నుదురు ఆయనది. మంచం పక్క గోడకి ఆవిడ వయసులో ఉన్నప్పటి ఫొటో ఉంది. చప్పుడు విని కుర్చీ తిప్పి, ఆ మనిషి ఫొటో వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూసింది. చేతిలో చొక్కా జారిపోయింది.

“అమ్మా!”

ఆవిడ రెండు అంగల్లో గది దాటి వెళ్ళి కూతురి మొహం చేతుల్లోకి తీసుకుంది. కూతురు మాత్రం ఆవిడ మొహం చూడటం లేదు, కళ్ళు దించి ఆవిడ పాదాల వంకే చూస్తోంది.

“నాలాగే నీకూ కాళ్ళు పడిపోయాయి, అందుకే రాలేవని చెప్పాడే నాన్న! నడుస్తావా అమ్మా నువ్వు?”