మల్లె పాదు

“ముందు ఆ పూలచెట్లు పీకెయ్, తర్వాత మాట్లాడదాం” అన్నాడు పాపన్న, మోటారు సైకిలు స్టాండు కూడా వేయకముందే.

ఈరక్క తలెత్తలేదు. వాకిట్లో మల్లె గుబురు మొదట్లో పారతో మట్టి గుల్ల చేస్తోంది. శివరాత్రితో చలి పోయింది. పెనుకొండ కొండ మీంచి దిగే గాలి అప్పుడే వేడిగా తగులుతోంది. ఇప్పుడు పాదులు తవ్వుకోకపోతే, ఎండలు ముదిరాక ఆ నేల గడ్డపారకు కూడా లొంగదు.

పాపన్న ఆమె మొగుడికి అన్న. తలుపుల అనే ఊళ్ళో కాపురం. తమ్ముడు పోయి ఏడాది దాటింది. పూల సంగతి ఎవరో చెవిన వేస్తే పొద్దున్నే బయలుదేరి వచ్చాడు. మొగుడు పోయిన ఆడది ఇంటి ముందర మల్లెలు, కనకాంబరాలు పెంచుతుంటే వీధిలో జనం ఏమనుకుంటారని అడిగాడు. తన ఇంట్లో పెళ్ళి కావలసిన కూతుళ్ళున్నారన్నాడు. వంకాయలో, మిరపకాయలో పండించుకుంటే కాదనేవాళ్ళు ఎవరన్నాడు.

“వంగ నారూ మిరప నారూ పెరట్లో పెట్టినా బావా. బీర గింజలేసి పందిరికి కట్టెలు గూడా పాతినా. ఈ జాగా పూలకు” అంది ఈరక్క, పార ఆపకుండా.

పాపన్న కాస్త మెత్తబడ్డాడు. పోనీ అమ్ముకునే పనైతే ఫరవాలేదనీ, బస్టాండు దగ్గర పూలంగడి వాడితో తానే మాట్లాడి పెడతాననీ అన్నాడు. కష్టం చేసుకుని బతికేదాన్ని ఎవరూ తప్పు పట్టరట.

“అమ్మేదానికి కాదు.”

“మరి దేవునికా?”

“దేవునికి కొన్ని. మిగిలినవి నేను పెట్టుకునేదానికి.”

పాపన్న అరుగు మీద కూర్చున్న సిద్దమ్మ వైపు తిరిగాడు. సిద్దమ్మ అతని తల్లి, ఈరక్కకు అత్త. వయసులో ఉండగానే ఆమె మొగుడూ పోయాడు. బోసి నుదురు, బోసి మెడ. ఆ ఇంట్లో ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. పోయినేడు కోడలు మల్లె అంటు తెచ్చి నాటినప్పుడు వద్దనలేదు, బాగుందనీ అనలేదు. అలా చూస్తూ కూర్చుంది, అంతే.

“ఇనపడలేదామ్మా కోడలి మాట? నువ్వన్నా చెప్పు” అన్నాడు పాపన్న.

సిద్దమ్మ మల్లె గుబురు వైపే చూస్తోంది. ఈరక్కే పార నేలకు ఆనించి లేచి నిలబడింది.

“ఒక్క మాట అడుగుతా బావా. రేపు నీ పెండ్లాం, మా అక్క పోతే నువ్వేమేం మానుకుంటావో చెప్పు. అవన్నీ నేనూ ఈ పొద్దే మానుకుంటా.”

పాపన్న మొహం కందగడ్డయింది. చొక్కా చేతులు పైకి లాక్కుని, తానే పీకి పారేస్తానంటూ ముందుకొచ్చాడు. ఈరక్క మల్లెకు అడ్డంగా నిలబడింది. గొంతు పెంచలేదు. పార మాత్రం వదల్లేదు. పాపన్న ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

అప్పుడు లేచింది సిద్దమ్మ. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, నెమ్మదిగా లోపలికి పోయి కొడవలి పట్టుకొచ్చింది.

“పక్కకు జరుగు” అంది కోడలితో.

ఈరక్క కదల్లేదు. వీధి వాళ్ళతో, చుట్టాలతో, ఆఖరికి ఈ బావతో కూడా కొట్లాడేదానికి ఆమె ఎప్పుడో సిద్ధపడింది. ఏడాదిగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న అత్త కొడవలి పట్టుకొస్తుందని మాత్రం అనుకోలేదు. ముసలామె ఆమె భుజం పట్టి పక్కకు నెట్టింది. ఆమె మీదికి పార ఎత్తడానికి ఈరక్కకు చేతులు రాలేదు.

కొమ్మలు ఒక్కొక్కటే తెగి పడ్డాయి. పచ్చగా నడుమెత్తు ఎదిగిన గుబురు చూస్తూ చూస్తూ మోకాలెత్తు మోడైంది. పుల్లలకు మిగిలిన ఆకులు కూడా సిద్దమ్మ వేళ్ళతో దూసి పారేసింది.

అమ్మ ఉండబట్టి ఇంటి పరువు నిలబడిందన్నాడు పాపన్న. కనకాంబరాలు కూడా మర్చిపోవద్దన్నాడు.

“అవి నేను చూసుకుంటాలే. ఎండెక్కుతాండాది, నువ్వు పో” అంది సిద్దమ్మ.

బండి వీధి మలుపు తిరిగేదాకా ఈరక్క నిలబడిన చోటే నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ జారనివ్వలేదు.

“రేపే సోమందేపల్లి నర్సరీకి పోతా అత్తా. ఇంకో అంటు తెస్తా. అదీ నరుకు. మళ్ళా తెస్తా. నీ చెయ్యి నొచ్చాల గానీ, నాకు తెచ్చే ఓపిక తగ్గదు.”

సిద్దమ్మ కొడవలి అరుగు మీద పెట్టింది. పెరట్లోకి పోయి గంపెడు పేడ ఎరువు మోసుకొచ్చింది. కోడలు గుల్ల చేసిన పాదులో మోడు చుట్టూ పరిచి, మట్టి కప్పి, బిందెతో నీళ్ళు పోసింది. ఈరక్క బిత్తరపోయి చూస్తోంది.

“పెంచేది తెలియకుంటే అడగాల. కొమ్మ కొయ్యకపోతే మల్లె ఆకేస్తాది గానీ పూలు పుయ్యదు. ఈ కాలంలో ఇట్ల మోడు చేసి, ఆకు దూసి, ఎరువేస్తే, ఉగాది దాటినంక ఆకు కనపడకుండా పూస్తాది” అంది సిద్దమ్మ.

ఈరక్క చేతిలోంచి పార జారింది.

సిద్దమ్మ వీధి వైపు ఒకసారి చూసి, మట్టి చెయ్యి కొంగుకు తుడుచుకుని, తన నెరిసిన ముడిని తడుముకుంది.

“పూసినంక, మొదటి మూర నాకు కట్టియ్యి.”