గేటు ముందు గాజు పెంకులు

గేటు ముందు మళ్లీ గాజు పెంకులు!

లక్ష్మణ్ గేటు తీసి అటూ ఇటూ చూశాడు.

గోడవారన ఒక ముసలామె కూర్చుని, వాళ్ల చెత్తలోంచి ఇన్సులిన్ సీసా ఏరి రాయితో చితక్కొడుతోంది. మిగతా చెత్త ముట్టుకోలేదు.

"ఏయ్ ముసల్దానా! ఏం జేస్తున్నవ్?"

"పలగ్గొడ్తున్న బిడ్డా. మీ మంచికే."

అది అతని తల్లి సత్యమ్మ వాడిన సీసా. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ దానికి కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకుంటే గానీ ఆమె సూది వేయించుకోదు.

"అత్తమ్మ బొట్టువెట్టిన సీసలే ఏరి పలగ్గొడ్తాంది. గిది బాణామతే!" అరిచింది లక్ష్మణ్ భార్య శివమ్మ.

శామీర్‌పేటలో చేతబడి అన్న మాట వినబడితే చాలు. జనం పోగయ్యారు. ఎవరో రాయి విసిరారు. ముసలామె నుదురు చిట్లింది.

"సీసలు అట్లనే పడెయ్యకున్రి, నా మాట ఇనున్రి..." అంటూనే జవహర్‌నగర్ దిక్కు తూలుకుంటూ పోయింది.

ఎవరు వింటారు! భయం పట్టుకున్నాక మాట చెవికెక్కుతుందా?

అప్పటినుంచి ఖాళీ సీసాలు బయట పడేయలేదు లక్ష్మణ్. సంచీలో దాచి పాత సామాన్లవాడికి ఇచ్చేవాడు. వాడేమో పగిలిన సీసా వద్దనేవాడు.

కొన్నాళ్లకు సత్యమ్మ తెలివి తప్పి పడిపోయింది.

"సూది మానేశారా?" అడిగాడు డాక్టర్.

"లేదు సార్! పొద్దుగాల సుత ఇచ్చినం."

"షుగర్ ఇంత పెరిగిందంటే అందులో మందే లేదు. ఇంట్లో ఉన్న సీసాలు తీసుకురండి."

ఫ్రిజ్‌లో సీలు తీయని సీసా ఒకటి ఉంది. లక్ష్మణ్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లేబుల్ అంచున, కడిగినా పోని కుంకుమ మరక.

"దీనికి అమ్మ బొట్టువెట్టిందా?"

"అత్తమ్మ దాన్ని ఇంక సూడనే లేదు!"

తను సంచీలో దాచి ఇచ్చిన సీసానే, ఎవరో ఏదో నింపి సీలేస్తే, మళ్లీ మందని కొనితెచ్చాడు!

మంచి మందు పడ్డాక సత్యమ్మ కళ్లు తెరిచింది. లక్ష్మణ్ అక్కడ నిలవలేక జవహర్‌నగర్ పరుగెత్తాడు.

చెత్త గుట్టల పక్కన ముసలామె గుడిసె. తలుపుకు గొళ్లెం.

"దుర్గమ్మనా? తలకు రాయి దెబ్బ తాకింది, ఇగ లేవలే. మొన్ననే పోయింది" అంది పక్క గుడిసె ఆమె.

లక్ష్మణ్ ఆ గొళ్లెం పట్టుకున్నాడు.

"ఆమె ఒక్కగానొక్క బిడ్డ గిట్లనే నకిలీ మందుకు సచ్చిపోయింది నాయినా. గప్పటిసంది, ఇంకో ఇంట్ల పానం పోవద్దని, ఖాళీ మందుసీస కనవడితే పలగ్గొట్టకుంట ఇంటికొచ్చేది కాదు."