చేయని యాక్సిడెంటు

"చేయని యాక్సిడెంటుకి మేమెందుకు కట్టాలమ్మాయ్?"

ఆమె కాగితాన్ని కౌంటరు మీద పరిచి, చివరి అంకె మీద వేలు పెట్టింది. వారం కిందట కొన్న కారుకి బీమా లెక్క అది. పాత కారే, కానీ వాళ్లింటికి మొదటి కారు. ఫోనులో ఒక మొత్తం చెప్పారు, తీరా వస్తే దానికి ఒకటిన్నర రెట్లు వేశారు.

కౌంటరు వెనకున్న అమ్మాయి కంప్యూటరు చూసి చెప్పింది. "మీవారి పేరు మీద రెండేళ్ల కిందట ఒక క్లెయిమ్ ఉంది మేడమ్. మోటార్‌సైకిల్ యాక్సిడెంటు. తప్పు మీవారిదేనని తేలింది. ఐదేళ్ల దాకా ఆయన ఏ బండికి పాలసీ తీసుకున్నా అది లెక్కలోకొస్తుంది."

"మోటార్‌సైకిల్‌కీ కారుకీ ఏం సంబంధం?"

"బండి మారినా నడిపే మనిషి ఒకరే కదా మేడమ్."

"ఆ మనిషి నాకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు. రోడ్డు మీద పిల్లి కనిపిస్తే బండి ఆపి, అది దాటాక కదిలే రకం."

పక్కనున్న భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. నీళ్ల మోటార్లు బిగించే మెకానిక్కు. పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు. "పోనీవే. కట్టేసి పోదాం. అవతల నాకు పనుంది."

"మీరు ఊరుకోండి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందని ఊరికే అనలేదు."

ఆమెది చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ పని. రోజుకి నాలుగు వందల చొక్కాలు ఆమె చేతుల మీదుగా పోతాయి. కాలరు కుట్టు ఒక్క పోగు పక్కకి జరిగితే చాలు, కుట్టింది ఎవరైనా సరే వెనక్కి పంపేస్తుంది. తోటివాళ్లు చాటుగా భూతద్దం అంటారు. అలాంటిది, కట్టుకున్నవాడి మీద ఎవరో మచ్చ వేస్తే చూస్తూ ఊరుకుంటుందా?

"తేదీ చెప్పు," అంది.

అమ్మాయి చెప్పింది. ఆమె మనసులో నెలలు లెక్కపెట్టుకుని తల ఎగరేసింది.

"దొరికారు. ఆ నెలంతా ఈయన ఈ ఊళ్లోనే లేరు. పొరుగూళ్లో ఒక కాలేజీకి మోటార్లు బిగించడానికి వెళ్లారు. పది రోజులన్నది నెల పట్టింది. బండి కూడా ఈయన దగ్గరే ఉంది. వచ్చేటప్పుడు ముందు చక్రం, లైటు మార్పించి, రంగు కూడా వేయించి కొత్తదానిలా తెచ్చారు. యాక్సిడెంటైన బండి అలా ఉంటుందా, నువ్వే చెప్పు."

ఆ అమ్మాయి ఆమె భర్త వైపు ఒకసారి చూసి, చూపు మళ్లీ కంప్యూటరు మీదికి తిప్పుకుంది.

"కంప్యూటర్లో ఏదో తప్పు పడుంటుంది. ఒక అర్జీ పడేసి పోదాం పద," అన్నాడు భర్త. ఫ్యాను కిందే నిలబడ్డా అతని చొక్కా వీపున అతుక్కుపోయింది.

"విన్నావా? తప్పు పడిందని ఆయనే అంటున్నారు. మీ మేనేజరెక్కడ?"

అమ్మాయి చెయ్యి చూపించేలోపే ఆమె ఆ గది తలుపు తోసుకుని వెళ్లింది. భర్త కాళ్లీడ్చుకుంటూ వెనకే వెళ్లాడు.

మేనేజరు రిటైరుకి దగ్గరపడ్డ పెద్దమనిషి. చదువుతున్న కాగితం పక్కనపెట్టి, ఆమె చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు.

"మేం గొడవలు పెట్టుకునే మనుషులం కాదు సార్," అంటూ ముగించింది ఆమె. "ఈయన పేరు చెప్పి ఇంకెవరో మీ దగ్గర డబ్బు తిన్నారు. ఆ ఎవరో ఎవరో తేలందే నేనిక్కణ్ణుంచి కదలను."

"వద్దే," అన్నాడు భర్త. "డబ్బే కదా. ఆదివారాలు కూడా పనికెళ్లి నేను సంపాదిస్తాను."

"డబ్బు సంగతి కాదండీ. తప్పు చేసినవాడని మీ పేరు ఎక్కడో రాసుండటం నేను ఓర్చుకోలేను."

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"న్యాయమే అడుగుతున్నారు, చూద్దాం," అని మేనేజరు లేచాడు. ఇనప బీరువా తెరిచి, రెండు అరలు వెతికి, నాడా కట్టిన ఒక ఫైలు తెచ్చి బల్ల మీద విప్పాడు. "బండి నంబరు ఇదేనా అమ్మా?"

"ఇదే."

"ఈ సంతకం?"

ఆమె వంగి చూసింది. చివరి అక్షరానికి తోకలా ఉన్న ఆ గీత ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. పైన ఫోటోలో ముందు చక్రం వంకరపోయి, లైటు పగిలిన బండి.

మెల్లగా భర్త వైపు తిరిగింది. అతను తల ఎత్తలేదు. ఆమె ముఖంలో కోపం మెత్తబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను భయపడి చస్తానని దాచారా?" అంది అతని భుజం మీద చెయ్యేసి. "పిచ్చి మనిషీ, పొరుగూళ్లో ఒక్కరే ఎంత అవస్థ పడ్డారో. కబురు పెడితే నేను రానా?"

మేనేజరు పేజీ తిప్పి, కళ్లద్దాలు సర్దుకుని, అయోమయంగా ఆమె వైపు చూశాడు.

"దాచడమేంటమ్మా? బండి వెనక కూర్చున్న భార్యకి కుడి చెయ్యి విరిగిందనీ, అందుకే ఎడం చేత్తో సంతకం పెట్టిందనీ రాసుంది ఇందులో. అది మీరు కాదా?"