దిష్టికి జడిసే ఇల్లు

ఇళ్ళు మాట నేర్చిన నాటి నుండి కొనేవారు యజమానిని అడగడం మానివేసి ఇంటినే అడుగుతున్నారు. కాకినాడలో హైమవతి తన ఇంటికి రంగులు వేయించింది, కిటికీలు కడిగించింది. దాని నోటిని మాత్రం బాగుచేయలేకపోయింది. ఎవరు మెచ్చుకున్నా దిష్టి తగలకుండా వెంటనే ఒక లోపం చెప్పడం అది ఆమె దగ్గరే నేర్చుకుంది. కొనవచ్చినవారిలో ఇద్దరు అప్పుడే వెనుదిరిగారు. ఈ బేరమూ తప్పితే విశాఖలో చూసుకున్న ఫ్లాటు ఆమెకు దక్కదు.

"హాలు చల్లగా ఉందే!" అంది చూడవచ్చిన రాజ్యలక్ష్మి.

"ఏం చల్లదనంలెండి! వానొస్తే గోడలన్నీ చెమ్మే," అంది ఇల్లు.

"వంటిల్లు విశాలంగా ఉంది."

"బొద్దింకలూ అదే అంటాయండి."

హైమవతి తల పట్టుకుంది.

"అయితే పనికిమాలిన కొంపన్నమాట," అంది రాజ్యలక్ష్మి.

తలుపులన్నీ దభీమని కొట్టుకున్నాయి. "ఎవర్నండీ కొంపంటున్నారు? ఎన్ని తుఫాన్లొచ్చినా నా గోడ చుక్క నీరు తాగలేదు! నా వంటింట్లో ఒక్క బొద్దింకను చూపించండి, చూద్దాం!"

రాజ్యలక్ష్మి హైమవతి వైపు తిరిగి నవ్వింది. "మా అత్తగారిదీ ఇదే వరసండీ, తిడితేగాని నిజం చెప్పరు. ఎప్పుడు ఖాళీ చేస్తారు?"