సదయ్య బిల్డింగు

జేసీబీ వచ్చి అరగంటైంది. లింగవ్వ మాత్రం గోడకు వీపు ఆనించి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

"లెవ్వవ్వా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు కిషన్. "మధ్యాహ్నం దాకనే టైమిచ్చిండ్రు."

"రాయి ఊడదీసియ్యి బిడ్డా. లేస్త."

గోదావరిఖని చౌరస్తాలో పాతకాలపు రెండంతస్తుల బిల్డింగు అది. కింద రేడియోల దుకాణం పోయి వీడియో క్యాసెట్లు వచ్చాయి. అవి పోయి ఎస్టీడీ బూత్, అదీ పోయి సెల్‌ఫోన్లు. పైన లాడ్జి. ఎన్ని బోర్డులు మారినా జనం నోట్లో అది సదయ్య బిల్డింగే. ఇప్పుడు రోడ్డు వెడల్పులో నిలువునా పోతోంది.

లింగవ్వ అడుగుతున్న రాయి గుమ్మం పక్కన గోడలో ఉంది. 'బొగ్గుబాయిలో బండ కూలి మరణించిన మామిడాల సదయ్య జ్ఞాపకార్థం' అని చెక్కిన నాపరాయి. అప్పటికి సదయ్య కొడుకు కిషన్ రెండేళ్లవాడు. కంపెనీ ఇచ్చిన డబ్బుతో వాళ్లమ్మ అనసూర్య ఈ బిల్డింగు లేపింది. మెట్ల కింద గది లింగవ్వకిచ్చి, ఊడ్చే పని అప్పజెప్పింది. అనసూర్య పోయి ఏడాదైంది. లింగవ్వ మాత్రం ఈనాటికీ లేవగానే ముందు ఆ రాయి కడిగి, తర్వాతే ముఖం కడుక్కుంటుంది. ఇదేం విశ్వాసమో, మహాతల్లి!

టీ కొట్టు దగ్గర జనం మూగారు.

"గదికి పైసలు గుంజెతందుకు నాటకం," అన్నాడొకడు.

రిటైరైన కార్మికుడు జగదీశ్వర్ వాణ్ణి కసిరాడు. ఈ జగదీశ్వర్ కూడా ఉత్త జగదీశ్వర్ కాదు. పెద్దనాన్న కొడుకు పేరుతో డ్యూటీకెక్కి, అదే పేరుతో రిటైరై, చివరికి పెళ్లాం కూడా అదే పేరుతో తిట్టే స్థితికి వచ్చాడు. ఆ కాలంలో ఇట్లాంటి మారుపేరోళ్లు బాయి బాయికీ ఉండేవాళ్లు.

"లింగవ్వా, ఆ రాయి ఏం జేసుకుంటవే? నీ కొమురయ్య భీవండి నుంచి వస్తె దాని మీద కూసోవెడ్తవా?" అన్నాడు నవ్వించబోయి.

లింగవ్వ మొగుడు కొమురయ్య బట్టల మిల్లులో పనికని భీవండి పోయాడనీ, మళ్లీ రాలేదనీ గోదావరిఖనిలో అందరూ అనుకునేదే. అయినా లింగవ్వ చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నొసట రూపాయంత బొట్టు. ఆడవాళ్లు ఎగతాళి చేస్తే, "నీ మొగడు సచ్చిండని ఎవలన్న వచ్చి చెప్పిండ్రా నాకు?" అని నోళ్లు మూయించేది.

కిషన్ ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, మా ఇంట్ల నాయిన ఫోటో ఒక్కటి లేదు. కంపెనీ కార్డు మీద ఉన్నది గూడ అమ్మ పొయ్యిల పెట్టిందట. నాకు నాయినంటె గీ రాయే. రేపు కరీంనగర్ ఇంటికి తీస్కపోతున్న. నీకెట్లియ్యాలె చెప్పు?"

లింగవ్వ ఏదో అనబోయింది. అతని ముఖం చూసింది. ఈ చేతులతో నీళ్లు పోసి పెంచిన పిల్లవాడు.

"వద్దు బిడ్డా, నీదే. నీకే ఇస్త," అంది. "ఇయ్యాల ఒక్కదినం ఇయ్యి. ఆఖరుసారి గంగల కడిగి, పొద్దుమూకేసరికి తెస్త."

కిషన్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. మేస్త్రీని పిలిచి గడ్డపారతో రాయి ఊడదీయించాడు. తనే మోసి ఆటోలో పెట్టాడు. ఆటో కదిలిందో లేదో వెనక మొదటి గోడ కూలింది. లింగవ్వ తల తిప్పి చూడలేదు.

గోదావరి ఒడ్డున ఎండ మండిపోతోంది. ఆటో అబ్బాయి రాయిని నీళ్ల దాకా తెచ్చి దించాడు. అతన్ని గట్టు మీదికి పొమ్మంది. లింగవ్వకు చదువు రాదు. అయినా ఆ రాయి మీద ఏ అక్షరం ఎటు తిరుగుతుందో ఆమె వేలికి తెలుసు. సందుల్లో ఇరుక్కున్న బొగ్గు మసిని గోటితో తీసింది. నీళ్లు పోసింది. పసుపు రాసింది. కడుపులోంచి తన్నుకొచ్చిన ఏడుపును ఈసారి ఆపుకోలేదు.

తర్వాత నొసటి బొట్టు తుడుచుకుని, జ్వరమొచ్చి ఊళ్లోనే పోయిన సదయ్య పేరు మీద డ్యూటీకెక్కి బండ కింద నలిగిపోయిన తన కొమురయ్య కోసం, నలభై ఏళ్ల తర్వాత, రెండు చేతుల గాజులూ ఆ రాయి మీద పగలగొట్టుకుంది.