దండకు చోటు

"నువ్వు ఇంటికెల్లిపో మధూ. ఈ ఫోటో నాను కడుగుతాను," అన్నాడు సింహాద్రి మావయ్య, ప్లాంటు మనిషి స్టూడియో మెట్లు దిగగానే.

"ఏటి మావయ్యా, నేర్పుతానన్నావు కదా?" అంటూ మధులత డార్క్‌రూమ్‌లోకి దూరింది.

మావయ్య బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్‌ను కిందికి దించాడు. నెగెటివ్‌లో అంతా తిరగబడి తెల్లజుట్టు, నల్లమొహం. ఎవరో పోల్చుకోలేకపోయింది. మొహం బాగా చిన్నదై, మెడ కింద ఖాళీ మిగిలింది. పోయినవాళ్ళ ఫోటోకే మావయ్య అలా దండకు చోటు వదులుతాడు.

"ఎవరు పోయారు?"

మావయ్య ఎన్‌లార్జర్ దీపం ఆర్పాడు. కాగితాన్ని మందునీళ్ళలో ముంచాడు. ఎర్రబల్బు వెలుగులో ముందు జుట్టు తేలింది, తర్వాత మీసం, ఆ తర్వాత ఎడమ కనుబొమ్మ మీది గాటు.

"నాన్న... ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు కదా?"

"అందుకేనమ్మా ఇంటికెల్లమన్నాను," అన్నాడు మావయ్య. "మీ అమ్మ ఒక్కర్తే ఉంది."