మందకు ముందు నడిచే మనిషి

గొర్రెల కాపరి ఎవరైనా మంద వెనక నడుస్తాడు. ఈ ముసలాయన ముందు నడుస్తున్నాడు. అదీ నేలంతా వెతుక్కుంటూ!

నిరోషకు అక్కడే అనుమానం వచ్చింది.

ఆమె నెల్లూరులో ఒక పెద్ద కంపెనీ ఆఫీసరు. మర్రిపాడు చిట్టడవిలో, అంతరించిపోతున్న కలివి కోడి అనే పిట్టను కాపాడటానికి ఐదేళ్లు డబ్బిస్తామని ఆ కంపెనీ ముందుకొచ్చింది. షరతు ఒక్కటే. పిట్ట ఇక్కడ ఉందనడానికి ఆధారం కళ్లారా చూసి, పక్షుల శాస్త్రవేత్త సురేంద్రబాబు సంతకం పెట్టాలి. ఆయన మధ్యాహ్నానికి వస్తున్నాడు. సాయంత్రం ఈ అడవిలోనే సభ. ట్రాక్టరుతో నేల చదును చేయించి టెంటు వేయించాలి. భారమంతా నిరోష నెత్తిన ఉంది.

ముసలాయన ఒకచోట వంగి ముళ్లకంప గుండ్రంగా పేర్చాడు. మందను పక్కకు మళ్లించాడు.

“ఏంది తాతా, ఉచ్చు పెడతా ఉండావా?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “ఉచ్చు కాదమ్మా.”

“మరేంది?”

ఆయన ఆమె వెనకున్న కూలీల వంక, ట్రాక్టరు వంక చూశాడు.

“ఇంతమందిలో చెప్పకూడదు తల్లీ. మా తాతల కాడ్నుంచీ అంతే. పెద్దసారు వస్తాడంట గదా, ఆయన చెవిలో చెప్తాను.”

“నాకు చెప్పంది సారుకు చెప్తావా? పిట్టల్ని పట్టి అమ్ముకుంటా, నాకు కథలా? పో ఇక్కణ్ణించి! ఫారెస్టోళ్లకు ఫోన్ చెయ్యమంటావా?”

“పోతానమ్మా. కంప మాత్రం తీయొద్దు. నీకు దండం పెడతా.”

ఆ దండంతో ఆమె అనుమానం గట్టిపడింది.

ముసలాయన వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ మందను ఉదయగిరి వైపు తోలుకుపోయాడు.

నిరోష కంపలోకి తొంగిచూసింది. మచ్చల గులకరాళ్లు రెండున్నాయి. అంతే.

“తీసి పారేయండి. టెంటు ఇక్కడే.”

ట్రాక్టరు రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. చదునైన నేలను చూసి నిరోషకు ప్రాణం హాయిగా ఉంది.

సురేంద్రబాబు కారు దిగుతూనే అడిగాడు.

“ముళ్లకంప గుండ్రంగా పేర్చి ఎక్కడైనా కనిపించిందా అమ్మా?”

“కనిపించింది సార్! ఉచ్చు. పొద్దున్నే పీకించేశాను.” గొప్పగా చెప్పింది నిరోష.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరుగున పోయి టెంటు కింద మోకాళ్ల మీద కూలబడ్డాడు. వేళ్లతో మట్టి కెలికాడు.

మచ్చల పెంకు ముక్క. దానికంటుకుని ఇంకా తడి ఆరని పసుపు సొన.

నిరోష వాటిని రాళ్లనుకుంది! తన నోటితోనే తీసి పారేయమంది...

“ముప్పై ఏళ్లుగా దీనికోసం వెతుకుతున్నానమ్మా.” ఆయన జేబులోంచి నలిగిన కార్డు ముక్క తీసిచ్చాడు. “ఇది చూసే మీ కంపెనీ డబ్బివ్వడానికి ఒప్పుకుంది. రాసినాయన పేరు కూడా పెట్టలేదు.”

వంకర అక్షరాలు. నిరోష కళ్లు వాటి మీద తడబడుతూ నడిచాయి.

“అయ్యా, కలివి కోడి మా కాడ ఉండాది. గుడ్డు కనబడితే గొర్రెలు తొక్కకుండా చుట్టూ కంప పెడతాను. నాకు వయసైపోయినాది, నా తర్వాత చూసేవాళ్లు లేరు, మీరన్నా కాపాడండి. మీరొచ్చినప్పుడు మందకు ముందు నడిచే మనిషి ఎవరా అని చూడండి, ఆ మనిషి నేనే.”